ఎరిగినవారి మౌనము: నెల్లా లార్సెన్ ‘పాసింగ్’ నవల

అమెరికా సంయుక్త రాష్ట్రముల నల్లజాతి రచయిత్రులలో నెల్లా లార్సెన్ ప్రకటించిన నవలలు రెండే. మొదటిది 1928 లోను, రెండవది 1929 లోను వెలువడినవి. రెండవదానికి ‘పాసింగ్’ అని పేరు. గ్రంథము చిన్నది, మూడు భాగములు, ఒక్కొక్క భాగమున నాలుగేసి ప్రకరణములు. కథయు చిన్నదే. బాల్యమున షికాగో నగరమున నొక్క పేటలో పెరిగిన యిద్దరు స్త్రీలు పండ్రెండేండ్ల యెడబాటు తరువాత కలిసికొందురు. ఇద్దరును నల్లజాతి సంతతివారే. ఇద్దరును చూపునకు తెల్లవారివలె నుందురు. వారిలో క్లేర్ కెండ్రీ తన పుట్టువును దాచి జాన్ బెల్యూ అను తెల్లజాతి ధనికుని పెండ్లాడినది. ఐరీన్ రెడ్‌ఫీల్డ్ నల్లజాతి వైద్యుని పెండ్లాడి న్యూయార్కులోని హార్లెమ్ పేటలో కాపురమున్నది. ఆ చెలిమి మరల చిగురించుటయు, రెండేండ్లు గడచిన పిమ్మట క్లేర్ ఆరవ అంతస్తు కిటికీనుండి పడి మరణించుటయు ఇందలి ఇతివృత్తము.

ఈ నవలను గూర్చి సామాన్యముగా అడుగబడు ప్రశ్న యొకటి కలదు: క్లేర్ తన జాతిని దాచుట తగునా? ఈ ప్రశ్నను పట్టుకొని చదివినచో గ్రంథమంతయు క్లేర్ అపరాధ విచారణగా పరిణమించును. ఐరీన్ అందు నిష్పక్షపాతియగు సాక్షిగా నిలుచును. మేమును తొలిసారి అట్లే చదివితిమి. పునఃపఠనమున మాకు తోచినది వేరు. రహస్యము క్లేర్‌ది, దానిని కాపాడుచున్నది ఐరీన్. ఎరిగియు పలుకని యొక వ్యక్తి లేనిదే ఈ కథ ముందునకు సాగదు. కావున ఈ నవల ప్రధానముగా జాతిని దాచినవారిని గూర్చినది కాదనియు, దాచుటను ఎరిగినవారి మౌనమును గూర్చినదనియు, ఇద్దరు స్త్రీల మైత్రికి తొలుత బంధమైన ఆ మౌనమే తుదకు ఆయుధమైనదనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా పేరును విచారింతము. ‘పాసింగ్’ అను ఆంగ్లపదమునకు దాటిపోవుట, గడచిపోవుట, కన్నుమూయుట అను అర్థములతోపాటు, ఒక జాతికి చెందినవారు వేరొక జాతివారుగా లోకమున నడచుకొనుట అను విశేషార్థము అమెరికాలో రూఢమైనది. దీనికి ‘మారువేషము’ అను మాట చాలదు. క్లేర్ వేషమేమియు ధరింపలేదు; మేనిచాయ ఆమెదే, జుట్టు ఆమెదే. ‘వంచన’ అన్నచో తీర్పు ముందే చెప్పినట్లగును. మన వ్యవహారమున ‘చెలామణి’ అను చక్కని మాట కలదు. నాణెము చెలామణి యగునందుము. ఫలానావాడు పెద్దమనిషిగా చెలామణి యగుచున్నాడందుము. ఈ మాటలోని విశేషమేమనగా, చెలామణి ఇచ్చువాని వలన మాత్రమే జరుగదు. పుచ్చుకొనువాడు మారుమాటాడక పుచ్చుకొనవలెను. సంగతి తెలిసి ప్రక్కనున్నవాడు నోరు మెదపక యుండవలెను. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు, ఎరిగి యూరకుండువాడు: ఈ మువ్వురిలో లార్సెన్ కథాదృష్టికి ఆధారముగా గ్రహించినది మూడవ వ్యక్తిని. నవలయంతయు ఐరీన్ కన్నులతోనే మనము చూతుము. ఇచట నాణెము చెడ్డదని మా భావము కాదు. చెడుగు దానిపై ముద్ర వేసిన టంకశాలలోనే కలదు.

ఆ టంకశాల ఆనాటి అమెరికా శాసనవ్యవస్థ. 1892 లో న్యూ ఆర్లియన్స్ నగరమున హోమర్ ప్లెస్సీ యనునతడు తెల్లవారికి ప్రత్యేకింపబడిన రైలుపెట్టెలో కూర్చుండెను. అతని వంశమున ఎనిమిది పాళ్లలో ఏడు పాళ్లు తెల్లజాతియే. చూచువారికి అతడు తెల్లవాడే. వేరుపెట్టెల చట్టమును న్యాయస్థానమున నెదుర్కొనుటకై అతడు తన జాతిని తానే చెప్పుకొనవలసి వచ్చెను. 1896 లో సర్వోన్నత న్యాయస్థానము ఆ చట్టమునే సమర్థించెను. 1924 లో వర్జీనియా రాష్ట్రము, అమెరికా ఆదిమజాతుల విషయమున నొక స్వల్పమైన మినహాయింపు తప్ప, అన్యజాతి రక్తలేశమున్నవారెవరును తెల్లవారు కారనియు, వారితో తెల్లవారి వివాహము చెల్లదనియు శాసించెను. ఆ వివాహ నిషేధము 1967 వరకు కొట్టివేయబడలేదు. కంటికి కానరాని బిందువును బట్టి మనుష్యుని నిర్ణయించు ఇట్టి వ్యవస్థలో జాతి యనునది మేనియందుండునది కాదు, ఇతరుల యెరుకయందుండునది. ఎరిగినవారు పలికిననాడు అది యుండును, పలుకనంతకాలము లేదు. ఈ సత్యమును న్యాయశాస్త్రము వాదముగా చెప్పగా, లార్సెన్ స్నేహకథగా చెప్పినది.

రచయిత్రి జీవితమును గూర్చి నాలుగు మాటలు చాలును. ఆమె 1891 లో షికాగోలో జన్మించినది. తల్లి డెన్మార్కు దేశీయురాలు; తండ్రి డేనిష్ వెస్టిండీస్ దీవులనుండి వచ్చిన నల్లజాతి సంతతివాడు. తల్లి తరువాత తెల్లవానిని వివాహమాడగా, ఆ కుటుంబమున నల్లజాతి బిడ్డ లార్సెన్ ఒక్కతెయే అయినది. ఆమె దాదిపని నేర్చి యావృత్తిలో నుండి, పిమ్మట హార్లెమ్ గ్రంథాలయమున పనిచేసినది. 1930 లో గుగ్గెన్‌హైమ్ పురస్కారము నందిన తొలి నల్లజాతి రచయిత్రి ఆమెయే. అటుపిమ్మట మరియొక నవల వెలువడలేదు. తిరిగి దాదిపనిలో చేరి 1964 లో న్యూయార్కున మరణించినది. ఒకే యింట పుట్టినవారు రెండు జాతులుగా లెక్కింపబడుట యెట్టిదో ఆమెకు పుస్తకముల వలన తెలియవలసిన విషయము కాదు.

ఇక గ్రంథమునకు వత్తము. ఆగస్టు మాసపు తీవ్రమైన యెండలో, షికాగో వీథులయందు కుమారులకు కానుకలు కొనుచు ఐరీన్ సొమ్మసిల్లబోవును. బాడుగబండివాడు ఆమెను డ్రేటన్ అను హోటలునకు చేర్చును. పై మిద్దెమీద చల్లగాలిలో తేనీరు త్రాగుచుండగా ప్రక్కబల్లయొద్ద నున్న యొక సుందరి రెప్పవాల్చక ఆమెనే చూచుచుండును. ఐరీన్ గుండె జల్లుమనును: తన జాతి ఆ తెల్లదొరసానికి తెలిసిపోయినదా? గోళ్లు, అరచేతులు, చెవులు, పలువరుస చూచి జాతిని పోల్చగలమని తెల్లవారనుకొందురు గదా యని ఆమె లోలోపల పరిహసించుకొనును. పరిహసించుచునే భయపడును. ఆ చూచుచున్నది క్లేర్ అని తరువాత తెలియును. నవ్వును బట్టి ఐరీన్ ఆమెను గుర్తించును.

ఈ ఘట్టమున పాఠకుడు సులభముగా దాటిపోవు నొక విషయము కలదు. తెల్లవారి హోటలులో తెల్లజాతి స్త్రీగా చెలామణి యగుచు మనకు తొలుత కనబడునది క్లేర్ కాదు, ఐరీన్. తరువాత నొకచో ఆమె తన్ను తాను సమర్థించుకొనుచు, భోజనశాలలకు, నాటకశాలల టిక్కెట్లకు, అట్టి సదుపాయములకు మాత్రమే తానట్లు చేయుదునని చెప్పును. ఆమె చేయునది పూటకు, క్లేర్ చేయునది బ్రదుకునకు. భేదము కాలపరిమాణమున నున్నది గాని స్వభావమున లేదు. తన్ను న్యాయాధిపతిగా భావించుకొను వ్యక్తిని అదే నేరమున భాగస్వామినిగా మొదటి ఘట్టముననే నిలిపి, రచయిత్రి ఆ మాటను పైకి చెప్పలేదు. చెప్పకుండుటయే ఈ నవలలోని శిల్పము.

రెండవ ప్రధాన ఘట్టము క్లేర్ బసలో జరిగిన తేనీటి విందు. అచట ముగ్గురు స్త్రీలున్నారు. జాతి దాచి తెల్లవాని పెండ్లాడిన క్లేర్. భర్తకు సంగతి తెలిసియే తెల్లవాని పెండ్లాడిన గెర్ట్రూడ్. తనవారిలోనే పెండ్లాడిన ఐరీన్. ముగ్గురును మాటాడుకొనునది బిడ్డలను గూర్చి. కడుపులోని బిడ్డ నల్లగా పుట్టునేమోయని నెలలు నిండువరకు తాననుభవించిన భయమును క్లేర్ చెప్పును. గెర్ట్రూడ్ ఔనని తలయూచును. తన బిడ్డలలో నొకడు నల్లనివాడని ఐరీన్ పలుకగా మాట తెగిపోవును. అంతలో బెల్యూ ప్రవేశించి, నల్లజాతివారిని కించపరచు మాటను కుదించి ముద్దుపేరుగా భార్యను పిలుచును. పెండ్లినాడు కలువవలె తెల్లగా నున్న భార్య నానాటికి నల్లబడుచున్నదని తన వేళాకోళమునకు వ్యాఖ్యానము చెప్పును. తన కుటుంబమున నల్లవారు ఎన్నడును లేరనియు నుండబోరనియు ప్రకటించును. ఐరీన్ నవ్వును, ఆపుకొనలేక నవ్వును. ఆ గదిలో బెల్యూ తప్ప అందరును ఎరిగినవారే. సంఖ్యాబలము, జ్ఞానబలము స్త్రీలది. మాటాడు అధికారము అతనిది. అధికారము గలవాడే అజ్ఞానియై, జ్ఞానముగలవారు మూగలైన ఈ దృశ్యమును మించి జాతివివక్ష స్వరూపమును చూపిన ఘట్టము అరుదు.

ఐరీన్ అచట ఏల పలుకలేదు? పిరికితనమని ఆమెయే తన్ను నిందించుకొనును. కాని కారణమంతమాత్రము కాదు. క్లేర్‌ను బయటపెట్టుట జాతిద్రోహమని ఆమె నమ్మకము. తన జాతినుండి తొలగిపోయినదానిని ఆ జాతి పేరిటనే కాపాడవలసివచ్చుట ఆమెకు కలిగిన సంకటము. స్వేచ్ఛగా నొక స్త్రీగా కోపగించుటకు ఆమెకు వీలులేదు. జాతి అనుమతి కావలెను. ఈ బంధనమును గూర్చి ఆమె పడు వేదన నవలలోని లోతైన భాగములలో నొకటి. పుట్టుకవలన వచ్చిన భారమును మోయుట స్త్రీకి ఒకటి, నల్లజాతి స్త్రీకి రెండు.

క్లేర్ మాత్రము ఏమి కోరినది? ధనము కోరి వెళ్లినది, దొరికినది. తండ్రి త్రాగుబోతు పోట్లాటలో చచ్చిన పిమ్మట తెల్లజాతి ముసలి మేనత్తలయింట దాసివలె పెరిగిన పిల్లకు అది నేరమని చెప్పుట కష్టము. కాని ఆమె తిరిగి కోరినది తనవారి నడుమ నవ్వుట, మాటాడుట. హార్లెమునకు మరల మరల వచ్చుట ఆమెకు ప్రాణాపాయకరము, ఐనను మానదు. మన విరాటపర్వమునందలి అజ్ఞాతవాసమునకు ఏడాది గడువు. గడువు తీరినంతనే స్వనామప్రకటనము. క్లేర్ అజ్ఞాతవాసమునకు గడువు లేదు. అందుచే ఆమెకు తన పేరు తెలిసిన స్నేహితురాలు కావలెను. ఆమెయెదుట మాత్రమే ఆమె పూర్తిగా క్లేర్. ఈ దృష్టితో చూచినచో ఐరీన్ మౌనము క్లేర్‌కు రక్షణము. ఐరీన్ ఎరుక క్లేర్‌కు ఇల్లు.

ఇదే 1929 లో వెలువడిన జెస్సీ ఫాసెట్ నవల ‘ప్లమ్ బన్’ తో పోల్చినచో లార్సెన్ మార్గము స్పష్టపడును. అందు ఆంజెలా అను యువతి తెల్లజాతి స్త్రీగా చెలామణి యగుచు, న్యూయార్కు రైలుస్టేషనులో తనకై వచ్చిన స్వంత చెల్లెలిని, ధనికుడైన ప్రియుడు చూచుచుండుటచే, ఎరుగనట్లు నటించును. నెత్తురు పంచుకొన్న చెల్లెలు ఆ యవమానమును మౌనముగా దిగమ్రింగును. తుదకు నల్లజాతి విద్యార్థిని యొకతెకు అన్యాయము జరుగగా, ఆంజెలా పత్రికలవారి యెదుట తన జాతిని తానే ప్రకటించును. అనగా ఫాసెట్ కథలో మాట విమోచనము. దాచినవారే పలుకుదురు, పలికి తరింతురు. లార్సెన్ అట్టి ఊరటను పాఠకునకు ఈయలేదు. ఆమె కథలో మాట దాచినదాని చేతిలో లేదు. ఎరిగినదాని చేతిలో నున్నది.

ఆ మాట అవసరమైన క్షణము మూడవభాగమున వచ్చును. అప్పటికి ఐరీన్ మనస్సున తన భర్త బ్రయన్‌కును క్లేర్‌కును సంబంధమున్నదను అనుమానము నాటుకొన్నది. అందుకు గ్రంథమున నిదర్శనమేదియు లేదు; ఆమె యూహలు తప్ప. ఒకనాడు ఫెలీస్ ఫ్రీలాండ్ అను స్నేహితురాలితో చేయి కలిపి నడచుచుండగా వీథిలో బెల్యూ ఎదురుపడును. చిరునవ్వుతో చేయి చాచి, ఫెలీస్ చాయను జుట్టును చూచి, సంగతి గ్రహించి నిలిచిపోవును. ఐరీన్ పలుకక సాగిపోవును. పరజనుని యెదుట ఈ మౌనము పాతదే, జాతిధర్మమే. కాని ఆమె ఇంటికివచ్చి క్లేర్‌కు ఈ విషయము చెప్పదు. భర్తకును చెప్పదు. ఎందులకు? సంగతి తెలిసి బెల్యూ విడిచినచో క్లేర్‌కు స్వేచ్ఛ కలుగును. స్వేచ్ఛ కలిగినచో తన కాపురము కూలునని భయము.

వివాహ విచ్ఛేదమును గూర్చిన ఆలోచనలో ఐరీన్‌కు రైన్‌లాండర్ వ్యాజ్యము జ్ఞప్తికి వచ్చును. అది నిజముగా జరిగినది. 1925 లో న్యూయార్కు రాష్ట్రమున ఒక ధనిక కుటుంబపు యువకుడు తన భార్య జాతిని దాచి మోసగించినదని వివాహరద్దు కోరెను. ఆ రాష్ట్రమున జాత్యంతర వివాహ నిషేధము లేనందున విచారణమంతయు నొక్క ప్రశ్నపై నిలిచెను: భర్త ఎరుగునా, ఎరుగడా? ఎరుగుననియే భావించి న్యాయనిర్ణేతలు భార్యపక్షమున తీర్పు చెప్పిరి. లార్సెన్ ఈ వ్యాజ్యమును ఊరక పేర్కొనలేదు. ఎవరు ఏమి ఎరుగుదురు అను ప్రశ్నను న్యాయస్థానమునుండి స్నేహితురాలి మనస్సులోనికి మార్చినది.

ఫ్రీలాండుల విందునకు పోవునాటి సాయంకాలము ఐరీన్ క్లేర్‌ను అడుగు ప్రశ్న ఈ నవలకు మర్మస్థానము. నీ భర్తకు సంగతి తెలిసినచో నేమగునో యెన్నడైన ఆలోచించితివా యని అడుగును. తెలిసినది, తెలిసినదని తానెరుగును, ఐనను ‘తెలిసినచో’ అని అడుగును. ఒక్క వ్యాకరణరూపమున దాగిన ద్రోహమిది. జరిగినదానిని జరుగగలదానిగా మార్చిన ఈ చేదర్థకముకంటె క్రూరమైన ప్రయోగమును మేము నవలాసాహిత్యమున కొలదిగనే చూచితిమి. హార్లెమునకు వచ్చి యుందునని క్లేర్ బదులు చెప్పును. ఆ బదులే ఆమెకు మృత్యుపత్రమైనదా?

విందులో బెల్యూ తలుపు త్రోసికొనివచ్చి భార్యను జాతిపేరుతో నిందించును. క్లేర్ తెరచిన కిటికీయొద్ద చిరునవ్వుతో నిలిచియుండును. ఐరీన్ పరుగున వచ్చి ఆమె చేతిపై చేయి వేయును. మరుక్షణమున క్లేర్ లేదు. త్రోసినదా, దూకినదా, జారినదా యను ప్రశ్నకు గ్రంథమున సమాధానము లేదు. అటుపిమ్మట ఇతరులు ప్రశ్నింపగా ఐరీన్ ఆమె తనంత పడిపోయినదని చెప్పును. బెల్యూ త్రోయలేదని నిశ్చయముగా చెప్పును. నవలయంతయు పలుకని సాక్షి తుదకు నోరు విప్పినది. మిత్రురాలికొరకు కాదు, తనకొరకు. మొదట అచ్చైన ప్రతులలో దీని తరువాత అధికారి యొకడు ప్రమాదమని పలుకు చిన్న పేరా యున్నది. తరువాతి ముద్రణమొకదానిలో అది లేదు. ఉన్నను లేకున్నను మా వాదమునకు లోటు లేదు. తీర్పు చెప్పువాడు ఎరుగనివాడు. ఎరిగినది తీర్పును ఒప్పుకొని యూరకున్నది.

ఈ నవలపై జరిగిన విమర్శను విస్మరింపరాదు. 1980 లో క్లాడియా టేట్ జాతిసమస్య ఇందు నెపమాత్రమనియు ఐరీన్ మనఃప్రవృత్తియే ప్రధానమనియు వాదించిరి. 1986 లో డెబొరా మెక్‌డొవెల్ తాము పరిష్కరించిన ప్రతికి వ్రాసిన పీఠికలో, జాతికథ చాటున స్త్రీలిరువురి నడిమి అవ్యక్తమైన ఆకర్షణ యున్నదని చూపిరి. 1993 లో జూడిత్ బట్లర్ జాతి, కామము అను రెండింటిని విడదీయరాదని మరింత సూక్ష్మముగా చర్చించిరి. వీరి వలన విమర్శకదృష్టి క్లేర్‌నుండి ఐరీన్‌పైకి మరలినది; అది గొప్ప మేలు. ఐనను జాతి నెపమాత్రమను మాటను మేమంగీకరింపజాలము. ఈర్ష్య యే మైత్రియందైనను పుట్టవచ్చును, ఆకర్షణయు నట్లే. కాని ఈర్ష్యపడినది మాటాడకుండుటచేతనే అవతలి వ్యక్తి జీవితము పోవలెనన్నచో, ఆ మాటకు ప్రాణము తీయు విలువను కట్టిన వ్యవస్థ యొకటి యుండవలెను. ఆ వ్యవస్థయే జాతి. దానిని తొలగించిన కథ మిగులదు.

ఈ మార్గము లార్సెన్‌తో ఆగిపోలేదు. 1983 లో టోనీ మారిసన్ ప్రకటించిన ‘రెసిటటిఫ్’ అను కథలో ట్వైలా, రాబర్టా అను ఇద్దరు స్నేహితురాండ్రలో ఒకతె నల్లజాతిది, ఒకతె తెల్లజాతిది. ఎవరెవరో రచయిత్రి చెప్పదు. చదువరి తిండిని, తల్లుల నడవడిని, భర్తల సంపదను పట్టుకొని గుర్తులు వెదకును. డ్రేటన్ మిద్దెమీద ఐరీన్ పరిహసించిన గోళ్ల పరీక్షను అతడే చేయుచుండును. లార్సెన్ కథలో ఎరిగినది స్నేహితురాలు. మారిసన్ కథలో ఎరిగినది రచయిత్రి యొక్కతెయే. చెలామణిని పరీక్షించు చూపు మనదేనని చదువరికి తెలియజేయుటలో రెండు రచనలును ఒక్క కుదురువే. 2021 లో రెబెకా హాల్ ‘పాసింగ్’ నవలను నలుపు తెలుపులలోనే చలనచిత్రముగా తీయుటలో గూడ ఈ వివేకము కనబడును. బూడిదవన్నెల నడుమ జాతిరేఖను గీయువాడు ప్రేక్షకుడే.

కావున మొదటి ప్రశ్నను మార్చుకొందము. క్లేర్ దాచుట తగునా యని గాక, ఎరిగినవారి ధర్మమేమి యని అడుగుదము. ఈ నవల చెప్పకయే చెప్పు సమాధానము మాకిట్లు తోచుచున్నది: అన్యాయమగు వ్యవస్థకు సేవకుడైన పరజనుని యెదుట మౌనము ధర్మము, ఆ వ్యవస్థకు గురియగు మిత్రుని యెదుట మాట ధర్మము. ఐరీన్ మొదటిదానిని కష్టపడి పాటించినది. రెండవదానిని మొదటిదాని ముసుగులో నెగవేసినది. బయటికి రెండును ఒక్కటే మౌనము. అందువలననే లోకము ఆమెను శంకింపలేదు. చిరకాలము పాఠకులును శంకింపలేదు. నిందితురాలిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు సాక్షిని ప్రశ్నించుట న్యాయస్థానమున నెంత యవసరమో సాహిత్యపఠనమునను అంతే యవసరము. విద్యార్థులు ఈ గ్రంథమును మరల చదువునపుడు క్లేర్ మాటలకంటె ఐరీన్ చెప్పక విడిచిన మాటలను గురుతు పెట్టుకొందురేని ఈ శ్రమ సార్థకము.